సరిచేసిన కోడ్ పంపకండి, ఎర్రర్ చదివించండి

జావా అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటున్న విద్యార్థులు సాయం అడిగే తీరు మన దగ్గర దాదాపు ఒకేలా ఉంటుంది. ల్యాప్‌టాప్ తెరను ఫోన్‌తో కాస్త వాలుగా, సగం కోడ్ మాత్రమే కనబడేలా ఫోటో తీసి వాట్సాప్‌లో పంపి, కింద "అన్నా, అవుట్‌పుట్ రావట్లేదు" అని ఒక ముక్క రాస్తారు. అటువైపు ఉన్న సీనియరో, హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న బావో, డల్లాస్‌లో ఉన్న పిన్ని కొడుకో ఆ ఫోటోను పెద్దది చేసుకుని చూసి, నిమిషంలో తప్పు పట్టుకుని, సరిచేసిన లైను తిరిగి పంపిస్తారు. ప్రోగ్రామ్ నడుస్తుంది. "థాంక్స్ అన్నా" అని జవాబు వస్తుంది. ఇద్దరికీ తృప్తిగానే ఉంటుంది. వారం తిరక్కుండా అదే తప్పు మరో ప్రోగ్రామ్‌లో, మరో ఫోటోగా వచ్చి వాలుతుంది.

జావాతోనే బతుకుతున్నవాణ్ణి కాబట్టి, చుట్టాల పిల్లలకూ మా ఆఫీసులో కొత్తగా చేరినవారికీ ఈ సాయం నేను చాలాకాలంగా చేస్తూ వస్తున్నాను. ఈ అనుభవంలో నాకు స్థిరపడిన అభిప్రాయం ఒక్కటే. సరిచేసిన కోడ్ పంపించడం సాయం కాదు. ఆ ఫోటోలో, కోడ్ కింద, ఎర్రటి అక్షరాల్లో కంపైలరో (కోడ్‌ను నడపగలిగే రూపంలోకి మార్చేది), జావా వర్చువల్ మెషీనో (దాన్ని నడిపేది) రాసి పెట్టిన వాక్యాలను ఆ విద్యార్థి చేత చదివించడం, అవి ఏం చెబుతున్నాయో అతని నోటితోనే చెప్పించడం, ఎర్రర్ ఏదీ రాని చోట ప్రోగ్రామ్ ఏం చేస్తుందని తాను అనుకున్నాడో కాగితం మీద రాయించడం, ఇవీ సాయమంటే. ఇది చాదస్తంగా కనిపించవచ్చు. దీన్ని ఎందుకింత గట్టిగా అంటున్నానో వివరంగా చెప్పాలి.

ముందుగా, పిల్లలు ఎర్రర్‌ను ఎందుకు చదవరన్నది అర్థం చేసుకోవాలి. బద్ధకమనే మాట తేలికగా వస్తుంది గానీ, అసలు కారణం అది కాదని నా నమ్మకం. జేఎన్‌టీయూ పరిధిలోని కాలేజీల్లో రెండో సంవత్సరంలో "ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్ త్రూ జావా" అనే సబ్జెక్టు చెబుతారు. దానికి ల్యాబు ఉంటుంది, ల్యాబుకు మాన్యువల్ ఉంటుంది, మాన్యువల్‌లో ప్రోగ్రాములూ వాటి అవుట్‌పుట్లూ అచ్చు వేసి ఉంటాయి. విద్యార్థి వాటిని టైపు చేసి, అదే అవుట్‌పుట్ తెప్పించి, రికార్డులో రాసి సంతకం పెట్టించుకుంటే ఆ వారం పని పూర్తయినట్టే. ఈ పద్ధతిలో ఎర్రర్ అనేది దారికి అడ్డం పడిన వస్తువు, దాన్ని ఎలాగోలా తొలగించుకోవాలే తప్ప అందులో చదవవలసిన విషయం ఉందని ఎవరూ చెప్పరు. దానికి తోడు, ఆ వాక్యాలు ఇంగ్లీషులో, అదీ బడిలో నేర్చుకున్న ఇంగ్లీషులా కాకుండా తెగిపోయిన ముక్కల్లా ఉంటాయి. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలకు ఆ ఎర్రటి అక్షరాలు తమను కోప్పడుతున్నట్టే ఉంటాయి. కోప్పడేవాళ్ల మాట ఎవరూ నింపాదిగా వినరు.

నిజానికి జావాక్, అంటే జావా కంపైలర్, చెప్పే మాటలు చాలావరకు స్పష్టమైనవి. అన్నిటికన్నా ఎక్కువగా ఎదురయ్యే "కెనాట్ ఫైండ్ సింబల్" అనే ఎర్రర్‌నే తీసుకుందాం. చాలామంది ఆ మొదటి వాక్యం దగ్గరే ఆగిపోతారు. దాని కింద మరో రెండు లైన్లు ఉంటాయి. "సింబల్" అని మొదలయ్యే లైను దొరకని పేరు ఏమిటో, అది వేరియబులా (విలువ దాచుకునే పేరు), మెథడా (పేరు పెట్టి రాసుకున్న పని), క్లాసా (వస్తువుల నమూనా) అన్నది చెబుతుంది. "లొకేషన్" అని మొదలయ్యే లైను ఏ క్లాసులో వెతికితే దొరకలేదో చెబుతుంది. వేరియబుల్ అని ఉంటే స్పెల్లింగు తప్పో, లూపు (మళ్లీ మళ్లీ నడిచే భాగం) లోపల ప్రకటించి బయట వాడుకోవడమో అయి ఉండాలి. మెథడ్ అని ఉంటే పేరులో పెద్ద అక్షరం చిన్న అక్షరం తేడానో, ఇచ్చిన విలువల (ఆర్గ్యుమెంట్ల) రకాలు సరిపోకపోవడమో చూడాలి. క్లాస్ అని, అందులోనూ ఇన్‌పుట్ చదివే స్కానర్ అనో జాబితాను దాచే అర్రేలిస్ట్ అనో ఉంటే, వాటిని జావా లైబ్రరీ నుంచి తెచ్చుకునే ఇంపోర్ట్ లైను రాయలేదని అర్థం. ఆ రెండు లైన్లు చదివితే వెతకవలసిన చోటు మొత్తం ఫైలు నుంచి ఒకటి రెండు లైన్లకు తగ్గిపోతుంది. సీనియర్ నిమిషంలో తప్పు పట్టుకోగలగడానికి కారణం అతని తెలివితేటలు కావు, అతను ఆ రెండు లైన్లు చదివాడు. ఆ సంగతే పిల్లలకు చెప్పాలి.

ఫ్లవర్ బ్రాకెట్ల విషయంలో మాత్రం కంపైలర్ చూపించిన లైను నంబరును అక్షరాలా నమ్మకూడదు. చివర ఒక బ్రాకెట్ మరిచిపోతే, ఫైలు ఆఖరి లైను దగ్గర "రీచ్డ్ ఎండ్ ఆఫ్ ఫైల్ వైల్ పార్సింగ్" అంటుంది. కానీ మరిచిన చోటు ఎక్కడో పైన ఉండవచ్చు. ఒక మెథడ్‌ను మూయకుండా దాని కింద మరో మెథడ్ మొదలుపెడితే, "ఇల్లీగల్ స్టార్ట్ ఆఫ్ ఎక్స్‌ప్రెషన్" అని, ఏ తప్పూ లేని ఆ రెండో మెథడ్‌ను చూపిస్తుంది. ఈ ఒక్క తప్పు వల్ల తెర మీద పది ఎర్రర్లు బారులు తీరవచ్చు. అందువల్ల మొదటి ఎర్రర్‌నొక్కదాన్నే సరిచేసి మళ్లీ కంపైల్ చేయమని చెప్పడం, కింద ఉన్నవాటి జోలికి పోవద్దనడం, కొత్తవారికి చేయగలిగిన పెద్ద మేలు. ఆఖరి ఎర్రర్ నుంచి పైకి సరిదిద్దుకుంటూ వచ్చి, అంతకుముందు బాగున్న లైన్లను కూడా పాడుచేసుకున్న పిల్లలను చాలామందిని చూశాను.

మన దగ్గర ప్రత్యేకంగా కనిపించే ఎర్రర్ ఒకటుంది. పీడీఎఫ్ నోట్సు నుంచో, వర్డ్ ఫైలు నుంచో కోడ్‌ను కాపీ చేసి అతికిస్తారు. ఆ ఫైలు తయారైనప్పుడు మామూలు కొటేషన్ గుర్తులు వంకర తిరిగిన అలంకారపు గుర్తులుగా మారిపోయి ఉంటాయి. కంపైలర్ "ఇల్లీగల్ క్యారెక్టర్" అని చెప్పి, పక్కన ఆ గుర్తు తాలూకు యూనికోడ్ సంకేతాన్ని చూపిస్తుంది. కంటికి చూస్తే కోడ్‌లో ఏ లోపమూ కనిపించదు. గంటల తరబడి కూర్చున్నా పట్టుబడని ఈ తప్పు, ఆ కొటేషన్లను చెరిపి కీబోర్డు మీద మళ్లీ కొడితే పోతుంది.

కంపైల్ అయిన తరువాత వచ్చే ఎర్రర్లలో నల్ పాయింటర్ ఎక్సెప్షన్‌దే పెద్దపీట. ఎక్సెప్షన్ అంటే ప్రోగ్రామ్ నడుస్తుండగా వచ్చే ఎర్రర్, నల్ అంటే ఆ పేరు వెనుక ఏ వస్తువూ లేదని. గుంటూరులో బీటెక్ చదువుతున్న మా అన్నయ్య కూతురు ఈమధ్య వీడియో కాల్‌లో తన తెరను చూపించింది. ఐదుగురు విద్యార్థుల పేర్లూ మార్కులూ నింపి, మొత్తాలు కట్టే ప్రోగ్రామ్ అది. స్టూడెంట్ అనే క్లాసు రాసింది, న్యూ అనే పదంతో ఐదు స్థానాల అర్రే (విలువలను వరసగా దాచుకునే స్థానాల బారు) తయారుచేసింది, సున్నా స్థానంలో ఉన్న విద్యార్థికి పేరు ఇవ్వబోయింది. అక్కడే ఆగిపోయింది.

"బాబాయ్, అర్రే న్యూ పెట్టే తీసుకున్నాను కదా, మళ్లీ నల్ ఎందుకంటుంది?" అని అడిగింది.

"పైన ఉన్న ఎర్రర్ మొత్తం ఒకసారి బయటికి చదువమ్మా" అన్నాను.

చదివింది. నేమ్ అనే ఫీల్డుకు విలువ ఇవ్వలేనని, ఎందుకంటే స్టూడెంట్స్ అర్రేలో సున్నా స్థానం నల్‌గా ఉందని అందులో ఉంది. "అర్రే నల్ అనలేదు, సున్నా స్థానం నల్ అంది. అయితే ఆ స్థానంలో ఎవరున్నారు?" అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తరువాత "ఎవరినీ పెట్టలేదు కదా బాబాయ్" అని, లూపులో ప్రతి స్థానానికీ ఒక కొత్త స్టూడెంట్‌ను తయారుచేసే లైను తానే రాసుకుంది. ఐదు స్థానాల అర్రే అంటే ఐదుగురు విద్యార్థులు కాదు, ఐదు ఖాళీ స్థానాలు మాత్రమే అన్న విషయం ఆ అమ్మాయికి ఇప్పుడు నేను చెప్పి తెలిసింది కాదు. అదే లైను నేను టైపు చేసి పంపి ఉంటే ప్రోగ్రామ్ ఇంకా ముందే నడిచేది, అర్రే గురించిన ఆ అపోహ మాత్రం అలాగే ఉండిపోయేది.

ఇక్కడ జావా వెర్షన్ సంగతి కూడా సాయం చేసేవారు గుర్తుంచుకోవాలి. నల్ అనే భావనను 1965లో ఆల్గోల్ డబ్ల్యూ భాష కోసం టోనీ హోర్ ప్రవేశపెట్టారు. 2009లో ఒక ప్రసంగంలో ఆయనే దాన్ని తన బిలియన్ డాలర్ల పొరపాటుగా చెప్పుకున్నారు. జావా 1995లో లోకానికి పరిచయమైనప్పుడు ఆ నల్‌ను వెంటబెట్టుకునే వచ్చింది. అప్పటి నుంచి 2020 దాకా ఈ ఎక్సెప్షన్ లైను నంబరు చెప్పి ఊరుకునేది. ఒకే లైనులో విద్యార్థి నుంచి చిరునామాను, చిరునామా నుంచి ఊరిపేరును తీసుకుని, ఆ పేరును పెద్ద అక్షరాల్లోకి మార్చే మూడు పనులు వరసగా ఉంటే, వాటిలో నల్ అయినది ఏదో చెప్పేది కాదు. 2020 మార్చిలో వచ్చిన జావా 14లో, ఏది నల్ అయిందో విడమరిచి చెప్పే సదుపాయాన్ని ఐచ్ఛికంగా పెట్టారు, అదే ఏడాది సెప్టెంబరులో వచ్చిన జావా 15 నుంచి అది తనంతట తానే పనిచేస్తోంది. అయితే 2014 నాటి జావా 8 ఉన్న ల్యాబులు ఇప్పటికీ లేకపోలేదు. అక్కడి విద్యార్థిని "సందేశం చదువు" అంటే చదవడానికి అక్కడ ఏమీ ఉండదు. అలాంటప్పుడు ఆ పొడుగాటి లైనును మూడు లైన్లుగా విడగొట్టి మళ్లీ రన్ చేయమనాలి. అప్పుడు లైను నంబరే జవాబు చెబుతుంది.

ఎక్సెప్షన్ కింద వరసగా కనిపించే "ఎట్" లైన్లను, అంటే స్టాక్ ట్రేస్‌ను, చదవడం కూడా విడిగా నేర్పవలసిన విద్య. అన్నిటికన్నా పైన ఉన్న లైను ఎక్సెప్షన్ ఏమిటో, ఎందుకో చెబుతుంది. దాని కింద, మనం రాయని జావా లైబ్రరీ క్లాసులను దాటుకుంటూ వస్తే, మన ఫైలు పేరు, లైను నంబరు మొదటిసారి ఎక్కడ కనబడతాయో అక్కడి నుంచి వెతకడం మొదలుపెట్టాలి. అమీర్‌పేటలో కోర్ జావా పూర్తిచేసి స్ప్రింగ్ బూట్ అనే జావా ఫ్రేమ్‌వర్క్‌లో అడుగుపెట్టిన వారికి ఈ ట్రేస్ వందల లైన్లు వచ్చి తెర నిండిపోతుంది. అప్పుడు "కాజ్డ్ బై" అని మొదలయ్యే లైన్లలో అన్నిటికన్నా కిందిదాన్ని ముందు చదవాలి, సాధారణంగా అసలు కారణం అక్కడే ఉంటుంది. రేపు ఉద్యోగంలో చేరాక ప్రొడక్షన్ లాగుల్లో (నిజంగా వాడకంలో ఉన్న ప్రోగ్రామ్ రాసుకునే చిట్టాల్లో) వెతికేది కూడా ఇదే.

ఎర్రర్ పోవడానికి "ట్రై క్యాచ్‌లో పెట్టెయ్" అని చెప్పే సీనియర్లున్నారు. అంటే ఎక్సెప్షన్‌ను పట్టుకుని ప్రోగ్రామ్ ఆగకుండా చూసే బ్లాకులో కోడ్‌ను పెట్టమని. ఈ సలహా నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు. క్యాచ్ బ్లాకును ఖాళీగా వదిలేస్తే ఎక్సెప్షన్ పోదు, దాని గురించిన సమాచారం మాత్రమే పోతుంది. ఆ తరువాత విద్యార్థి చేతిలో తప్పు అవుట్‌పుట్ మిగులుతుంది, చదవడానికి ఒక్క అక్షరం మిగలదు. నేర్చుకునే దశలో ఎక్సెప్షన్‌ను తెర మీద పడనివ్వడమే మంచిది.

నిజంగా కష్టమైన తప్పులు అసలు ఎర్రరే రానివి. ప్రోగ్రామ్ కంపైల్ అవుతుంది, రన్ అవుతుంది, అవుట్‌పుట్ వస్తుంది, ఆ అవుట్‌పుట్ తప్పు. ఆరువందలకు ఐదువందల నలభై మార్కులు వచ్చిన విద్యార్థి శాతం లెక్కకట్టడానికి 540ని 600తో భాగించి 100తో గుణిస్తే, రెండూ ఇంట్ (పూర్ణాంక) రకానివైతే, జావా సున్నా అని చెబుతుంది. 540ని 600తో భాగిస్తే వచ్చే 0.9లో భిన్నభాగాన్ని వదిలేసి సున్నాను మాత్రమే ఉంచుకోవడం ఇంట్ భాగాహారం నియమం. జవాబు దాచుకునే వేరియబుల్‌ను డబుల్ (దశాంశ సంఖ్య) అని ప్రకటించినా లాభం లేదు, ఎందుకంటే భాగాహారం జరిగిపోయిన తరువాతే ఆ సున్నా 0.0గా మారుతుంది. శాతం సున్నా వస్తే కనీసం అనుమానమైనా వస్తుంది. మూడు సబ్జెక్టుల మొత్తం 250 అయితే సగటు 83.33కు బదులు 83.0 అని వస్తుంది, దాన్ని చూసి సరిగానే ఉందనుకుని రికార్డులో రాసేసుకుంటారు.

ఫ్యాక్టోరియల్ ప్రోగ్రామ్ ఇంకా మంచి ఉదాహరణ. ఒకటి నుంచి ఇచ్చిన సంఖ్య దాకా అన్నిటినీ గుణించే ఈ ప్రోగ్రామ్ ప్రతి ల్యాబులోనూ ఉంటుంది, 5 ఇచ్చి 120 వచ్చిందని చూసుకుని వదిలేస్తారు. ఇంట్ రకంలో పట్టే అతిపెద్ద సంఖ్య 2147483647. 12 ఫ్యాక్టోరియల్ 479001600 కాబట్టి అందులో పడుతుంది. 13 ఫ్యాక్టోరియల్ అసలు విలువ 6227020800, అది పట్టదు. కానీ ప్రోగ్రామ్ ఆగదు, ఫిర్యాదు చేయదు, 1932053504 అని నిబ్బరంగా చూపిస్తుంది. పదిలక్షలు, కోట్లు దాటిన సంఖ్య కాబట్టి చూడగానే నిజమే అనిపిస్తుంది. 17 ఇస్తే మైనస్ 288522240 అని వచ్చినప్పుడు గానీ ఎవరికీ సందేహం రాదు. ఇలాంటి చోట ఇంకా పెద్ద సంఖ్యలు పట్టే లాంగ్ వాడమనో, బిగ్ఇంటిజర్ వాడమనో చెప్పడం తేలిక. అంతకన్నా ముందు, 13 దగ్గర వచ్చిన జవాబును 12 దగ్గర వచ్చిన జవాబుతో భాగించి చూడమంటాను. పదమూడు రావాలి కదా, రాలేదేమని విద్యార్థి తానే అడిగితే, ఇంట్ పరిమాణం గురించి అప్పుడు చెప్పే మాట చెవికెక్కుతుంది. గుణకారం హద్దు దాటితే ఎక్సెప్షన్ విసిరే మల్టిప్లైఎగ్జాక్ట్ అనే మెథడ్ జావా 8 నుంచే మ్యాథ్ క్లాసులో ఉంది. మన నోట్సుల్లో దాని ప్రస్తావన ఎందుకుండదో నాకు అర్థం కాదు.

స్ట్రింగులను, అంటే అక్షరాల వరసలను, రెండు ఈక్వల్ గుర్తులతో (==) పోల్చడం గురించి ప్రతి పుస్తకమూ హెచ్చరిస్తుంది, అయినా ప్రతి బ్యాచ్‌లోనూ ఈ తప్పు జరుగుతూనే ఉంటుంది. హెచ్చరిక వినకపోవడం దీనికి కారణం కాదు. విద్యార్థి పరీక్షించి చూసుకున్నప్పుడు అది పనిచేస్తుంది! కోడ్‌లోనే కొటేషన్ల మధ్య ఒకేలా రాసిన రెండు స్ట్రింగులను జావా ఒకే వస్తువుగా ఉంచుతుంది కాబట్టి == అంటే ట్రూ అనే వస్తుంది. అదే పదాన్ని స్కానర్ ద్వారా కీబోర్డు నుంచి తీసుకుంటే అది వేరే వస్తువు, కాబట్టి ఫాల్స్ వస్తుంది. ఇంటిజర్ వస్తువుల, అంటే ఇంట్ విలువను లోపల పెట్టుకున్న వస్తువుల, విషయం ఇంకా విచిత్రంగా ఉంటుంది. ఇంట్ విలువలు వాటంతట అవే ఇంటిజర్లుగా మారేటప్పుడు మైనస్ 128 నుంచి 127 వరకు ఉన్నవాటిని జావా ముందే తయారుచేసి పెట్టుకుంటుంది. అందువల్ల 127ను 127తో == పెట్టి పోలిస్తే ట్రూ, 128ని 128తో పోలిస్తే మామూలుగా ఫాల్స్. చిన్న సంఖ్యలతో పరీక్షించిన విద్యార్థికి తన ప్రోగ్రామ్ సరైనదనే నమ్మకం కలుగుతుంది. అందుకే "ఈక్వల్స్ వాడు" అన్న ఒక్క మాటతో సరిపెట్టకుండా, == అడిగే ప్రశ్న "రెండూ ఒకే వస్తువా" అనీ, ఈక్వల్స్ అడిగే ప్రశ్న "రెండింటిలో ఉన్నది ఒకటేనా" అనీ చెప్పి, రెండింటినీ పక్కపక్కన ప్రింట్ చేయించి చూపించాలి. కన్‌స్ట్రక్టర్‌లో (వస్తువును తయారుచేసే భాగంలో) దిస్ అని రాయకుండా నేమ్ ఈక్వల్ టు నేమ్ అని రాసేసి, ప్రింట్ చేస్తే నల్ ఎందుకు వస్తోందని తల పట్టుకునేవారికీ, ఇఫ్ షరతు పక్కనే సెమికోలన్ పెట్టేసి బ్లాకు ఎప్పుడూ ఎందుకు నడుస్తోందని అడిగేవారికీ కూడా ఇదే పద్ధతి వర్తిస్తుంది. ఈ రెండోదాన్ని జావాక్‌కు ఎక్స్‌లింట్ ఐచ్ఛికం ఇస్తే హెచ్చరికగా చూపిస్తుంది.

ఎర్రర్ రాని తప్పులకు నేను చేయించేది పెన్నూ కాగితం పని. వేరియబుళ్ల పేర్లు పైన వరసగా రాసి, లూపు తిరిగిన ప్రతిసారీ వాటి విలువలు ఏమవుతాయో కింద ముందుగా రాయించి, ఆ తరువాత లూపులో ఒక ప్రింట్ లైను పెట్టించి రెండింటినీ పోల్చమంటాను. కోడ్ రాసుకునే ఎక్లిప్స్‌లోనో, ఇంటెల్లిజేలోనో ఉన్న, ప్రోగ్రామ్‌ను ఒక్కో లైనుగా నడిపి చూపే డీబగ్గర్ ఇంతకన్నా బాగా చూపిస్తుంది, అది నేర్చుకోవలసిందే. కానీ ముందుగా ఊహ రాయకుండా డీబగ్గర్ తెరిచినవారు విలువలు మారుతుంటే చూస్తూ కూర్చుంటారు. జవాబు కాదు, మెట్లు చూపించమని పట్టుబట్టే లెక్కల మాస్టారు మనలో చాలామందికి ఉండేవారు. ప్రోగ్రామింగ్‌లోనూ ఆయనలాంటివారు కావాలి. అనుకున్న విలువ, వచ్చిన విలువ ఏ మెట్టు దగ్గర విడిపోయాయో తెలిస్తే తప్పు అక్కడే ఉంటుంది.

ఇంతా చెప్పి, అన్నిటినీ విద్యార్థి చేతే కనిపెట్టించాలని మాత్రం నేను అనను. ఎంత ఆలోచించినా అందని కారణాలు కొన్ని ఉంటాయి, వాటిని దాచిపెట్టి ప్రశ్నలు వేయడం పిల్లలను వేధించడమే. స్కానర్‌తో నెక్స్ట్‌ఇంట్ పిలిచి వయసు తీసుకున్న వెంటనే నెక్స్ట్‌లైన్ పిలిచి పేరు అడిగితే, పేరు కోసం ఆగకుండా ప్రోగ్రామ్ ముందుకు వెళ్లిపోతుంది. నెక్స్ట్‌ఇంట్ అంకెలను మాత్రమే తీసుకుని, మనం నొక్కిన ఎంటర్‌ను అక్కడే వదిలేస్తుంది, నెక్స్ట్‌లైన్ ఆ మిగిలిన ఖాళీ లైనునే పేరుగా పట్టుకుంటుంది. కోడ్‌ను ఎంతసేపు చూసినా ఇది కనబడదు, కాబట్టి నేరుగా చెప్పెయ్యాలి. నోట్‌ప్యాడ్‌లో భద్రపరిచిన ఫైలు చివర, విండోస్ చూపించకుండా దాచిన టీఎక్స్‌టీ తోక మిగిలిపోయిందేమో చూడమనడం, జావా ఎక్కడుందో కంప్యూటర్‌కు తెలిపే పాత్ సెట్ చేయించడం, రన్ చేసేటప్పుడు క్లాసు పేరు పక్కన డాట్ క్లాస్ అని తగిలించవద్దని చెప్పడం కూడా ఈ కోవలోవే. ఇంట్లో కొత్త జావాతో కంపైల్ చేసుకుని పెన్‌డ్రైవ్‌లో క్లాస్ ఫైలు తీసుకెళ్లి ల్యాబులో రన్ చేస్తే వచ్చే "అన్‌సపోర్టెడ్ క్లాస్ వెర్షన్ ఎర్రర్" కూడా అంతే. అందులో కనిపించే 61, 52 వంటి సంఖ్యల్లోంచి 44 తీసేస్తే జావా వెర్షన్ వస్తుంది. 61 అంటే జావా 17, 52 అంటే జావా 8. ఈ లెక్క ఒకసారి చెబితే చాలు.

నా వాదనకు రెండు అభ్యంతరాలు తరచుగా వింటుంటాను. మొదటిది సమయం. రేపు పొద్దున ల్యాబ్ ఎక్స్‌టర్నల్ ఉందని రాత్రి పదకొండుకు ఫోటో పంపినవాడికి పాఠం చెబుతామా అని అడుగుతారు. చెప్పనక్కర్లేదు. ఆ రాత్రికి జవాబు పంపించి, పరీక్ష అయిపోయాక అదే ప్రోగ్రామ్‌తో పది నిమిషాలు కూర్చుంటే సరిపోతుంది. ఆ రెండో భాగాన్ని ఎవరూ చేయకపోవడం మీదే నా ఫిర్యాదు. రెండో అభ్యంతరం ఈమధ్య వచ్చింది. ఎర్రర్‌ను చాట్‌బాట్‌లో అతికిస్తే క్షణంలో సరిచేసిన కోడ్ ఇస్తుంటే ఇదంతా ఎందుకని. చాట్‌బాట్ చేస్తున్నది ఇంతకాలం సీనియర్లు చేసిన పనే, ఇంకాస్త వేగంగా. కాబట్టి ఇంతకాలం సీనియర్ల సాయంలో ఉన్న లోపమే దాని సాయంలోనూ ఉంటుంది. పైగా 13 ఫ్యాక్టోరియల్ లాంటి చోట, జవాబు తప్పని తెలియని విద్యార్థి దాన్ని ఏమని అడుగుతాడు? అడగాలంటే ముందు అనుమానం రావాలి. చాట్‌బాట్‌ను వాడవద్దని నేను అనను. "ఈ కోడ్ సరిచెయ్యి" అని కాకుండా "కోడ్ ముట్టుకోకుండా ఈ ఎర్రర్‌లో ప్రతి ముక్కకూ అర్థం తెలుగులో చెప్పు" అని అడగమంటాను. తెలుగు మీడియం పిల్లలకు ఇది నిజంగా ఉపకరిస్తుంది.

సాయం చేసేవారు పాటించవలసిన మర్యాదలు కూడా కొన్ని ఉన్నాయి. పక్కన కూర్చున్నప్పుడు కీబోర్డు మన చేతిలోకి తీసుకోకూడదు, మౌస్ కూడా. తెర ఫోటో కాకుండా కోడ్‌నూ ఎర్రర్‌నూ అక్షరాలుగా అతికించి పంపమనాలి, ఏ ఇన్‌పుట్ ఇస్తే ఏం వస్తుందనుకున్నారో, ఏం వచ్చిందో చెప్పమనాలి. రెండువందల లైన్ల ప్రోగ్రామ్ పంపితే, తప్పు అలాగే ఉండేలా దాన్ని ఇరవై లైన్లకు కుదించి పంపమనాలి. ఆ కుదించే పనిలోనే చాలామందికి తప్పు దొరికిపోతుంది. "ఇంత చిన్నది కూడా తెలియదా" అన్న మాట మాత్రం ఎంత చనువున్నా అనకూడదు. ఆ మాట ఒకసారి పడినవాళ్లు ఆ తరువాత అడగడం మానేస్తారు, ముఖ్యంగా ఆడపిల్లలు, ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు.

ల్యాబు పరీక్షల్లో ఒక మార్పు రావాలని కూడా నేను బలంగా కోరుకుంటున్నాను. ప్రోగ్రామ్ రాయమనే ప్రశ్నతో పాటు, తప్పులున్న నలభై లైన్ల ప్రోగ్రామ్ ఒకటి ఇవ్వాలి. అందులో కంపైలర్ పట్టుకునే తప్పు ఒకటి, రన్ చేస్తే ఎక్సెప్షన్ విసిరేది ఒకటి, ఏ ఎర్రరూ ఇవ్వకుండా తప్పు జవాబు చూపించేది ఒకటి ఉండాలి. మార్కులు సరిచేసిన కోడ్‌కు కాకుండా, ప్రతి తప్పునూ ఏ ఆధారంతో పట్టుకున్నారో విద్యార్థి రాసే రెండు మూడు వాక్యాలకు ఇవ్వాలి, ఆ వాక్యాలను తెలుగులో రాసే వెసులుబాటు కూడా ఉండాలి. దీనికి కొత్త కంప్యూటర్లు అక్కర్లేదు, సిలబస్ మార్చనక్కర్లేదు. ఇప్పుడున్న మాన్యువల్‌లోని మార్కుల ప్రోగ్రామ్‌లో ఒక ఫ్లవర్ బ్రాకెట్ తీసేసి, లూపు షరతులో లెస్ దాన్ గుర్తు పక్కన ఒక ఈక్వల్ చేర్చి, సగటును ఇంట్ భాగాహారంగా వదిలేస్తే ప్రశ్నపత్రం సిద్ధమైనట్టే.